చేబదులు

ఈసారి 'నెలకో మాట' రాసే వంతు నాది. ముందే ఒప్పేసుకుంటున్నా, నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. బళ్ళో తెలుగు అంటే రోజుకో పీరియడు. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. ఆ పరీక్ష ఎలా రాశామో మీలో చాలామందికి తెలుసు కాబట్టి ఆ సంగతి ఇక్కడ వద్దు. పోయిన నెలల్లో ఈ పేజీ రాసినవాళ్ళు ప్రబంధాల్లోంచి మాటలు ఏరుకొచ్చారు. నాకు దొరికిన మాట రాయదుర్గం మెట్రో స్టేషన్ బయట, ఒక జిరాక్స్ షాపులో దొరికింది. అది కూడా చేతిలో పైసా లేకుండా వానలో తడుస్తూ నిలబడినప్పుడు. అందుకని ఈ పాఠంలో మాట కొంత, నా కథ కొంత కలిసిపోయి ఉంటాయి. విడదీసి రాయడానికి ప్రయత్నించాను, కుదరలేదు.

మాట: చేబదులు. చే అంటే చెయ్యి. బదులు ఉర్దూ 'బదల్' వైపు నుంచి మనలోకి వచ్చిన మాట. 'బదిలీ' కూడా ఆ కుటుంబమే. పత్రం లేకుండా, వడ్డీ లేకుండా, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి కొద్దిరోజుల కోసం వెళ్ళే చిన్న మొత్తాన్ని చేబదులు అంటాం. మా నానమ్మ పక్కింట్లోంచి గ్లాసుడు పంచదార తెచ్చినా, పాలవాడికి చిల్లర లేక పది రూపాయలు తీసుకున్నా ఈ మాటే వాడేది. నేను ఆ తర్వాత ఆ మాట వినలేదు. ఇప్పుడు చిల్లర అవసరమే లేదు కదా, అంతా ఫోన్‌లోనే. అసలు గొడవ అక్కడే మొదలైంది.

జూన్‌లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేశాను. ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో పీజీ హాస్టల్, ఆఫీసు గచ్చిబౌలి వైపు. రోజూ ఎర్ర లైన్‌లో అమీర్‌పేట దాకా, అక్కడ మారి నీలం లైన్‌లో రాయదుర్గం దాకా, అక్కణ్ణుంచి షేర్ ఆటో. మూడో వారం గురువారం పొద్దున 11 గంటలకి క్లయింట్‌కి డెమో. నేను రాసిన రిపోర్టు స్క్రీన్ అందులో ఒక భాగం. చిన్న భాగమే, కానీ ఆ కోడ్ నా ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ముందురోజు రాత్రి ఒంటిగంటకి పూర్తిచేసి, "పొద్దున ఆఫీసుకెళ్ళి పుష్ చేద్దాంలే" అని పడుకున్నాను. సీనియర్లు నవ్వుతున్నారని తెలుసు, నవ్వండి.

ఆ రాత్రి ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టాను. స్విచ్ వెయ్యలేదు. పొద్దున చూస్తే 14 శాతం. హడావిడిలో కేబుల్ కూడా గోడకే వదిలేసి పరిగెత్తాను. వాట్సాప్‌లో మెట్రో టికెట్ తీసుకున్నాను, క్యూఆర్ కోడ్ వచ్చింది, లోపలికి వెళ్ళాను, దారి పొడుగునా పాటలు విన్నాను. దుర్గం చెరువు దాటాక ఫోన్ చచ్చిపోయింది. రాయదుర్గంలో గేటు ముందు నిలబడేదాకా ఆ విషయం పూర్తిగా అర్థం కాలేదు. బయటికి వెళ్ళాలంటే క్యూఆర్ చూపించాలి. క్యూఆర్ ఫోన్‌లో ఉంది. డబ్బులు ఫోన్‌లో ఉన్నాయి. మా లీడ్ నంబర్ ఫోన్‌లో ఉంది. నాకు కంఠతా వచ్చిన నంబర్ ప్రపంచం మొత్తంలో ఒక్కటే, అమ్మది. అది కూడా ఒకటో తరగతి డైరీలో రాయించారు కాబట్టి గుర్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో 'సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్' అని చెప్తే బుద్ధిగా నోట్సు రాసుకున్నవాణ్ణి నేను. దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

బ్యాగులో ల్యాప్‌టాప్ ఉంది కదా, దాంతో ఛార్జ్ చెయ్యొచ్చుగా అని మీకు వచ్చిన ఆలోచన నాకూ వచ్చింది. కేబుల్ గోడకి వేలాడుతోంది, దిల్‌సుఖ్‌నగర్‌లో. కౌంటర్ దగ్గర వాన వల్ల పెద్ద క్యూ ఉంది. అక్కడి స్టాఫ్‌ని అడిగితే ఏదో ఒక దారి చెప్పేవాళ్ళే అయ్యుండొచ్చు. ఆ ఆలోచన మాత్రం నాకు సాయంత్రం నాలుగింటికి వచ్చింది.

ఇక మిగిలింది మనుషుల్ని అడగడం. నాకు అది చేతకాదు. సిగ్గు ఒక్కటే కారణం కాదు. మా నాన్నకి తెనాలిలో చిన్న ఫ్యాన్సీ షాపు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు అప్పులు మీదికొచ్చి, రెండేళ్ళు ఇంటికి ఎవరో ఒకరు వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళు. తలుపు తీసి "నాన్న ఇంట్లో లేరు" అని చెప్పే పని నాది. అప్పులన్నీ తీరాక నాన్న నాకు చెప్పింది ఒకటే: "ఎవరి ముందూ చెయ్యి చాచకురా." పెన్ను మర్చిపోతే పరీక్ష హాల్లో పక్కవాణ్ణి అడగడానికి కూడా నాకు ఆ మాటే అడ్డం వచ్చేది.

గేటు ముందు ఐదు నిమిషాలు ఊరికే నిలబడ్డాను. తర్వాత నా వయసు కుర్రాణ్ణి ఒకణ్ణి "ఎక్స్‌క్యూజ్ మీ, పవర్ బ్యాంక్ ఉందా?" అని అడిగాను. ఇయర్‌ఫోన్స్ తియ్యకుండానే చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. గోడ పక్కన వాన తగ్గడం కోసం ఎనిమిది పదిమంది గుంపుగా నిలబడ్డారు. వాళ్ళ దగ్గరికెళ్ళి కాస్త గట్టిగా, "సారీ, ఎవరి దగ్గరైనా పవర్ బ్యాంక్ ఉందాండీ?" అన్నాను. అందరూ నావైపు చూశారు, తర్వాత ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు, తర్వాత ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకున్నారు. చెవులు వేడెక్కిపోయాయి. నాన్న చెప్పింది నిజమే అనిపించింది.

ఇక్కడ కథ ఆపి చదువు సంగతి ఒకటి చెప్పాలి. ఈ వ్యాసం కోసం చదివినవాటిలో నాకు బాగా పట్టుకున్నది ఇది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కాలేజీ విద్యార్థుల్ని విడివిడి గదుల్లో కూర్చోబెట్టి, ఇంటర్‌కమ్‌లో మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒక గొంతుకి ఫిట్స్ వచ్చినట్టు వినిపిస్తుంది. నిజానికి అది ముందే రికార్డు చేసింది. ఆ గొంతు ఆగిపోయేలోపు లేచి సాయం కోసం వెళ్ళినవాళ్ళు ఎంతమంది? తానొక్కడే వింటున్నానని అనుకున్నవాళ్ళలో 85 శాతం. తనతోపాటు ఇంకో నలుగురు వింటున్నారని అనుకున్నవాళ్ళలో 31 శాతం. వీళ్ళంతా ఒకే కాలేజీ పిల్లలు, మంచితనంలో తేడా ఏమీ లేదు. 'ఇంకెవరో చూసుకుంటారులే' అన్న ఆలోచన ఒక్కటే తేడా. మన గ్రూప్ ప్రాజెక్టుల్లో రిపోర్టు ఎవరు రాస్తారు అన్న ప్రశ్నకి వచ్చే నిశ్శబ్దం గుర్తు చేసుకుంటే ప్రయోగం ఇంకా బాగా అర్థమవుతుంది.

అంటే రాయదుర్గంలో నేను అడిగిన పద్ధతే తప్పు. గుంపుని అడిగాను. గుంపుకి పవర్ బ్యాంక్ ఉండదు, మనిషికి ఉంటుంది.

నాకు అప్పుడు ఇదేమీ తెలియదు. వెనక్కి తిరిగేసరికి మెట్ల దగ్గర ఒకావిడ గొడుగు మడుస్తూ కనిపించింది. ముప్పై, ముప్పైరెండేళ్ళు ఉంటాయి, మెడలో ఏదో ఆసుపత్రి ఐడీ కార్డు, భుజానికి పెద్ద బ్యాగు. ఎందుకో నోట్లోంచి "అక్కా" అని వచ్చింది. "అక్కా, ఫోన్ ఆఫ్ అయిపోయింది, బయటికి వెళ్ళలేకపోతున్నా." ఆవిడ ముందు వాచీ చూసుకుంది. తర్వాత బ్యాగు జిప్పు తీసింది.

ఛార్జింగ్ పూర్తిగా అయిపోయిన ఫోన్ ఎంతసేపటికి లేస్తుందో మీకు తెలుసు. నల్ల స్క్రీన్ మీద బ్యాటరీ బొమ్మ వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. ఆవిడ షిఫ్ట్ అప్పటికే మొదలైపోయింది, రెండుసార్లు ఫోన్ వచ్చింది. "వస్తున్నా మేడమ్, స్టేషన్‌లోనే ఉన్నా, ఐదు నిమిషాలు," అని చెప్తోంది. నేను "పర్లేదక్కా, మీరు వెళ్ళండి" అన్నాను. "కేబుల్ నాది కదా, ఎట్లా వెళ్తా?" అని నవ్వింది. ఇద్దరం గోడకి ఆనుకుని, మధ్యలో అడుగు పొడుగు కేబుల్‌తో, తొమ్మిది నిమిషాలు నిలబడ్డాం. ఎక్కడ పని, ఏ ఊరు అని అడిగింది. వాళ్ళ తమ్ముడు కూడా బీటెక్ అట, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయట. 4 శాతం దగ్గర ఫోన్ లేచింది. క్యూఆర్ తెరిచాను, గేటు తెరుచుకుంది. నేను వెనక్కి తిరిగి థ్యాంక్స్ చెప్పేలోపు ఆవిడ అవతలి మెట్ల మీద పరుగు. పేరు అడగలేదు. ఐడీ కార్డు మీద ఉండే ఉంటుంది, నేను బ్యాటరీ బొమ్మ వైపే చూస్తూ నిలబడ్డాను.

తర్వాత చాలాసార్లు ఆలోచించాను, ఆ 'అక్కా' ఏం చేసిందని. నాకు తోచింది ఇది, తప్పయితే దిద్దండి. తెలుగులో తెలియని మనిషిని పిలవడానికి విడిగా మాట లేదు. 'ఎక్స్‌క్యూజ్ మీ' ఎవరికీ తగలదు, గాల్లో ఉండిపోతుంది. 'ఏవండీ' కూడా కొంచెం అంతే. కానీ ఆటో అతన్ని అన్నా అంటాం, కూరగాయల ఆవిణ్ణి పిన్నీ అనో అమ్మా అనో అంటాం, బస్సులో సీటు పక్కనున్న పెద్దాయన్ని బాబాయ్ అంటాం. అలా పిలవాలంటే ముందు ఆ మనిషిని చూడాలి. వయసు అంచనా వెయ్యాలి, నాకు ఏమవుతారో ఒక్క క్షణంలో తేల్చుకోవాలి. అటువైపు మనిషికి కూడా ఆ పిలుపు తనకే అని తెలిసిపోతుంది. పదిమంది గుంపు కాస్తా ఒక్క మనిషి అయిపోతుంది. డార్లీ, లటానే ప్రయోగంలో 31 శాతం నుంచి 85 శాతం వైపు వెళ్ళే దారి మన వరసల్లో ముందే ఉందని నా అనుమానం. దీనికి నా దగ్గర రుజువేమీ లేదు, ఒక్క పవర్ బ్యాంక్ తప్ప.

సరే, బయటపడ్డాను. వాన ఇంకా పడుతోంది. షేర్ ఆటోకి ముప్పై రూపాయలు. యూపీఐ యాప్ తెరవగానే ఆ 4 శాతం కూడా అయిపోయి ఫోన్ మళ్ళీ ఆరిపోయింది. టైమ్ పది. రోడ్డు పక్కన జిరాక్స్ షాపు కనిపిస్తే పరిగెత్తి చూరు కింద దూరాను. లోపల చీకటి. యాభై దాటిన ఆయన మెషిన్ మీద పాలిథిన్ కవర్ కప్పుతున్నాడు.

"అంకుల్, ఫోన్ కొంచెం ఛార్జింగ్ పెట్టుకోవచ్చా?"

"కరెంటెక్కడుంది బిడ్డా, గీ వానకు పోయి అర్ధగంట అయితుంది."

నేను ఇంకేం మాట్లాడలేదు. ఏడుపు మొహం పెట్టానేమో మరి. ఆయనే "ఏమైంది?" అన్నాడు. చెప్పాను. ఆయన సొరుగు లాగి, యాభై రూపాయల నోటు తీసి, పాలిథిన్ కవర్ మీద పెట్టాడు.

"చేబదులు తీస్కపో. ఇటు దిక్కు వచ్చినప్పుడియ్యి."

నేను తీసుకోలేదు వెంటనే. అరుగు మీద కూర్చున్నవాళ్ళందరూ గుర్తొచ్చారు. ఐడీ కార్డు తీసి చూపించబోయాను, "మా ఆఫీసు ఇక్కడే, కావాలంటే ఫొటో తీసుకోండి" అన్నాను. "ఫొటో ఏం జేస్కోను? పో, ఆటో పోతది," అన్నాడు.

ఇప్పుడు మాట దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని చేతితో మొదలయ్యే మాటలు రాసుకున్నాను. చేయూత అంటే చెయ్యీ ఊతా. చేదోడు అంటే చెయ్యీ తోడూ, తోడులో 'త' కాస్తా 'ద' అయింది. చేవ్రాలు అంటే సంతకం. చేజారడం, చేజిక్కడం సరే. 'చెయ్యి చేసుకున్నాడు' అంటే కొట్టాడు. 'చెయ్యి తడిపాడు' అంటే లంచం ఇచ్చాడు. అన్నిటికంటే విచిత్రం, 'చెయ్యి అందించాడు' అంటే ఆదుకున్నాడు, 'చెయ్యిచ్చాడు' అంటే ముంచాడు. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాడు ఈ రెండింటి దగ్గర ఉద్యోగం మానేసి ఉంటాడు. మా నాన్న చెప్పిన 'చెయ్యి చాచడం' కూడా ఈ కుటుంబంలోదే. చాచిన చెయ్యి కింద ఉంటుంది, ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది. చేబదులులో అలా కిందా మీదా లేవు. ఈరోజు నీ చేతిలోంచి నా చేతిలోకి, రేపు నా చేతిలోంచి నీ చేతిలోకి. అప్పుకి చేవ్రాలు కావాలి, చేబదులుకి అక్కర్లేదు.

'బదులు' సంగతి ఇంకా ఉంది. 'టీకి బదులు కాఫీ' అన్నప్పుడు అది ఒకదాని స్థానంలో ఇంకొకటి. 'పిలిస్తే బదులు పలకలేదు' అన్నప్పుడు అది జవాబు. చేబదులులో అది రుణం. తమిళంలోనూ ఈ మాట జవాబుకీ, 'దానికి మారుగా' అనడానికీ రెండింటికీ పనికొస్తుందని మా రూమ్‌మేట్ చెప్పాడు. మా రూమ్‌మేట్‌ది చిత్తూరు, అటూ ఇటూ తెలిసినవాడు.

జవాబు అన్న అర్థంలో బదులు కూడా ఆరోజే అవసరపడింది. 10:25కి ఆఫీసులో అడుగుపెట్టాను. లీడ్ నుంచి వచ్చిన ఏడు మిస్డ్ కాల్స్ తర్వాత చూశాను. కోడ్ పెట్టి ఒకసారి నడిపి చూస్తే, రిపోర్టులో తేదీలన్నీ ఒకరోజు వెనక్కి ఉన్నాయి. 12వ తేదీ ఆర్డరు 11 అని చూపిస్తోంది. సీఎస్ వాళ్ళ కోసం చెప్తున్నా: మన అర్ధరాత్రి 12 గంటలంటే యూటీసీలో ముందురోజు సాయంత్రం 6:30. జావాస్క్రిప్ట్‌లో మన టైమ్‌తో తేదీ తయారుచేసి, దాన్ని ఐఎస్ఓ పద్ధతిలో స్ట్రింగ్‌గా మారిస్తే ఆ ఐదున్నర గంటలు వెనక్కి జరిగి తేదీ మారిపోతుంది. నాకు అప్పుడు ఇది తెలియదు. ముప్పై నిమిషాలుంది. స్టాక్ ఓవర్‌ఫ్లోలో వెతికితే, అచ్చం నాలాంటి అమాయకుడు ఎప్పుడో అడిగిన ప్రశ్న, దాని కింద ఎవరో ఓపిగ్గా రాసిన జవాబు. మూడు లైన్లు మార్చాను. తేదీలు సరిపోయాయి. ఆ జవాబు రాసినాయన ఏ దేశంవాడో, ఏ పని మధ్యలో ఆపి రాశాడో తెలియదు. 2008 నుంచీ ఆ సైట్ నడుస్తోంది. మనలాంటివాళ్ళ ఉద్యోగాలు నిలబెట్టిన అపరిచితులు అక్కడ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం కష్టం. నేను ఇన్నేళ్ళలో ఒక్క జవాబుకి కూడా ఓటు వెయ్యలేదు. అకౌంటే లేదు.

డెమో ఓ మోస్తరుగా జరిగింది. తర్వాత లీడ్ పక్కకి పిలిచి, ఆలస్యం గురించి ఒక్క మాట అనలేదు. "రాత్రే పుష్ చేసి ఉంటే నువ్వు రాకపోయినా మేం చూపించేవాళ్ళం. నువ్వు మమ్మల్ని నమ్మాలి కదా," అన్నారు. తిట్టినా బాగుండేది.

ఇక మీకు చెప్పడం ఇష్టం లేని సంగతి. 1973లో డార్లీయే, డేనియల్ బాట్సన్ అనే ఇంకొకాయనతో కలిసి ప్రిన్స్‌టన్‌లో మరో ప్రయోగం చేశాడు. మతబోధకులు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థుల్ని, ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్ళి ప్రసంగం చెయ్యమన్నారు. దారిలో గుమ్మం దగ్గర ఒక మనిషి తల వాల్చేసి దగ్గుతూ మూలుగుతూ ఉంటాడు. కొందరికి తీరిగ్గా వెళ్ళమని చెప్పారు, కొందరికి 'ఇప్పటికే ఆలస్యమైపోయింది' అని చెప్పారు. తీరిక ఉన్నవాళ్ళలో 63 శాతం ఆగారు. హడావిడిలో ఉన్నవాళ్ళలో 10 శాతం. సగం మంది చెయ్యబోయే ప్రసంగం దేని మీదంటే, దారిలో పడిఉన్న అపరిచితుణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ మీద! అయినా ఏం చెప్పబోతున్నారన్నది పెద్దగా తేడా తేలేదు, ఎంత హడావిడిలో ఉన్నారన్నదే తేడా తెచ్చింది.

ఇది చదువుతుంటే నాకు అమీర్‌పేట గుర్తొచ్చింది. ఆ గురువారానికి సరిగ్గా వారం ముందు, లైన్ మారే చోట ఒక ముసలాయన సంచితో నిలబడి, "బాబూ, నాగోలు బండి ఏదిక్కు?" అని అడిగాడు. నేను ఇయర్‌ఫోన్స్ తియ్యలేదు. పైకి చెయ్యి చూపించి పరిగెత్తాను. పైన రెండు వైపులా బండ్లు ఉంటాయి, ఏ వైపో చెప్పలేదు. గేటు దగ్గర నాకు చెయ్యి ఊపి వెళ్ళిన కుర్రాణ్ణి నేను చాలాసేపు తిట్టుకున్నాను. వాడూ నేనూ ఒకటే. ఆసుపత్రి అక్క కూడా హడావిడిలోనే ఉంది, మా ఇద్దరికంటే ఎక్కువ హడావిడిలో. ఆ 10 శాతంలో మనిషి ఆవిడ. ఎందుకు ఆగిందో ఏ ప్రయోగమూ నాకు చెప్పలేదు.

కానీ ఈ చదువుల్లో ధైర్యం ఇచ్చేవి కూడా ఉన్నాయి. బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా నగరాల్లో వీధి గొడవల సీసీటీవీ రికార్డులు 219 చూసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒక్కరైనా మధ్యలోకి వచ్చి ఆపడానికి చూశారు. 2008లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెస్సా లేక్ చేసిన పని నాకు ఇంకా నచ్చింది. తెలియనివాళ్ళతో ఐదు ప్రశ్నాపత్రాలు నింపించాలంటే ఎంతమందిని అడగాల్సి వస్తుందని ముందు అంచనా వెయ్యమన్నారు, తర్వాత నిజంగా వెళ్ళి అడగమన్నారు. అనుకున్నదాంట్లో సుమారు సగం మందిని అడిగితే సరిపోయింది. అడిగేవాళ్ళు తమ సిగ్గునే లెక్కపెట్టుకుంటారు. ముఖం మీద 'కుదరదు' అనడానికి అవతలివాళ్ళకి ఎంత ఇబ్బందో లెక్కలోకి తీసుకోరు. ప్లేస్‌మెంట్ సీజన్‌లో సీనియర్లకి మెసేజ్ పెట్టడానికి భయపడే రెండో సంవత్సరం వాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి.

మనవైపు పాతకాలంలో ఈ అడగడాన్ని ఊరే ఒక ఏర్పాటుగా మార్చుకుంది. ఎండాకాలం చలివేంద్రం దగ్గర 'నీళ్ళిస్తారా' అని కూడా అడగక్కర్లేదు. బీద విద్యార్థులు వారాలు చేసుకుని చదివేవారు, అంటే సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోజనం. (కులం పట్టింపు అందులో ఎంత ఉండేదో మర్చిపోకూడదు. అందరు పిల్లలకీ అన్ని గుమ్మాలూ తెరుచుకోలేదు.) కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూసేదాకా వేళాపాళా లేకుండా బాటసారులకి వండి పెట్టారు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి 2024లో ఆమె పేరు పెట్టారు. మా చెల్లి ఆ భోజనం తింటుంది, ఆ పేరు ఎవరిదని నేను అడిగితే "మేడమ్ చెప్పారు, మర్చిపోయా" అంది. నాకూ ఈ వ్యాసం రాసేదాకా పేరు తప్ప తెలియదు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. యాభై రూపాయల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాను. అటువైపు కాసేపు మాట లేదు. తిడతారనుకున్నాను.

"ఇచ్చేశావా?"

"కరెంటు వచ్చి షాపు కట్టేసి వెళ్ళిపోయాడు నాన్నా. రేపు ఇస్తా."

"పొద్దున్నే ఇచ్చెయ్. ఫోన్లో కొట్టకు, నోటే ఇవ్వు." కాసేపాగి, "అది అప్పు కాదులే," అన్నారు. తర్వాత వర్షం గురించి మాట్లాడుకున్నాం.

శుక్రవారం ఏటీఎంలో డబ్బు తీసి, టీ తాగి నోటు మార్చి, యాభై పట్టుకుని షాపుకెళ్ళాను. నలుగురు ఆధార్ కాపీల కోసం నిలబడ్డారు. నోటు ఇస్తే ఆయన "ఎన్ని కాపీలు?" అన్నాడు.

"కాదు అంకుల్, నిన్న వానలో ఇచ్చారు కదా. చేబదులు."

"ఏ వాన? ఎవలకిచ్చిన్నో యాదికే లేదు," అన్నాడు. నేనే ఊరూ, ఆటో, పాలిథిన్ కవరూ అన్నీ గుర్తు చెయ్యాల్సి వచ్చింది. ఆయనకి గుర్తొచ్చిందో, క్యూ పెరుగుతోందని ఒప్పుకున్నాడో తెలియదు, నోటు సొరుగులో పడేసి మెషిన్ వైపు తిరిగాడు.

అక్క మాత్రం మళ్ళీ కనిపించలేదు. మిగిలిన ఐదు వారాలూ అదే టైమ్‌కి అదే గేటు దగ్గర చూశాను. మొదటి స్టైపెండ్‌తో పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, రెండు రకాల కేబుళ్ళు కొన్నాను. ఇప్పుడు కాలేజీ బస్సులో కూడా బ్యాగులోనే ఉంటుంది, రోజూ స్విచ్ వేసి మరీ ఛార్జ్ చేస్తున్నాను. ఇయర్‌ఫోన్స్ ఒక చెవికే పెట్టుకుంటున్నాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.